ఉక్కు దిమ్మెకు అయస్కాంతపు పట్టు

రాయపూర్ శివార్లలోని సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలకు అయస్కాంతం కొత్త కాదు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిరుగుడు కొలిమిలో కాల్చి స్పాంజ్ ఐరన్ తీసే కర్మాగారాలలో, చల్లారిన సరుకు నుంచి ఇనుమును వేరుచేసి, డోలోచార్ అనే బొగ్గు మిశ్రమాన్ని పక్కకు తోసేది అయస్కాంతపు డ్రమ్మే. తుక్కును గుట్టగా ఎత్తి కొలిమికి చేర్చే క్రేనుకు వేలాడేదీ విద్యుదయస్కాంతమే. అదే బలం ఎంతో నియమబద్ధంగా పనిచేసే మరో తావు, కంప్యూటర్ ఆదేశాల ప్రకారం లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రపు టేబుల్. అక్కడ ఉక్కు దిమ్మెను కదలనీయకుండా పట్టి ఉంచే అయస్కాంత పలకను మ్యాగ్నెటిక్ చక్ అంటారు.

దిమ్మెను వైస్‌లో బిగించినా, క్లాంపులతో నొక్కిపట్టినా, పట్టు ఉన్న చోటికి కట్టర్ చేరలేదు కనుక, ఒక వైపు చెక్కిన తరువాత దిమ్మెను విప్పి, మళ్లీ అమర్చి, కొలతలు మళ్లీ సరిచూసుకోవలసి వస్తుంది. అమరిక మారిన ప్రతిసారీ కొలతలో కొంత తేడా చొరబడే వీలుంటుంది. పైగా పక్కల నుంచి నొక్కిన దిమ్మె స్వల్పంగా వంగి, వదలగానే తిరిగి సాగడం వల్ల, చదునుగా చెక్కిన ముఖమే వంకరగా తేలవచ్చు. అయస్కాంతం అడుగు నుంచి మాత్రమే లాగుతుంది కాబట్టి, పై ముఖమూ నాలుగు పక్కలూ ఒకే అమరికలో కట్టర్‌కు అందుతాయి. ఈ పద్ధతికి ఇదే అసలైన మేలు. సమయం కలిసిరావడం దాని ఫలితమే.

సానపట్టే యంత్రాలపై అయస్కాంత చక్‌ల వాడుక చాలా పాతదే అయినా, మిల్లింగ్‌లో కట్టర్ తాకిడి చాలా ఎక్కువ కావడంతో వాటిపై నమ్మకం కుదరడానికి చాలాకాలం పట్టింది. కేవలం విద్యుదయస్కాంతమైతే కరెంటు పోయిన క్షణంలోనే పట్టు పోతుంది. తీగచుట్ట వేడికి పలక వ్యాకోచించి కొలత కూడా చెడుతుంది. ఈ రెండు చిక్కులనూ తీర్చిన అమరికను ఎలెక్ట్రో పర్మనెంట్ చక్ అంటారు. ఇందులో రెండు రకాల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి: 1980ల తొలినాళ్లలో జపాన్‌లోనూ అమెరికాలోనూ విడివిడిగా రూపొందిన, ధ్రువాలు సులువుగా మారని నియోడిమియం అయస్కాంతం ఒకటి, తీగచుట్ట మధ్యలో ఉండి, బలమైన విద్యుత్ ప్రవాహం తగిలితే ధ్రువాలు తారుమారయ్యే అల్నికో మరొకటి. అల్నికో ఒక దిశలో ఉన్నప్పుడు బలరేఖలు పలక లోపలే చుట్టుకుపోతాయి, పైన పట్టు ఉండదు. క్షణకాలపు విద్యుత్ స్పందనతో దాని దిశ మార్చితే రెండింటి బలరేఖలూ కలిసి పైకి వచ్చి, దిమ్మెలోంచి సాగి, పక్క ధ్రువం ద్వారా తిరిగి దిగుతాయి. ఆ తరువాత కరెంటుతో పనిలేదు. పనిమధ్యలో సరఫరా ఆగినా దిమ్మె ఉన్నచోటే ఉంటుంది. విడిపించాలంటే మళ్లీ ఒక స్పందన పంపాలి.

పలకపై చతురస్రాకార ధ్రువాలు చదరంగపు గళ్లలా ఉత్తర, దక్షిణాలుగా మారుతూ ఉంటాయి. అయస్కాంత క్షేత్ర తీవ్రత రెండు టెస్లాలకు చేరితే, అంటే మెత్తని ఉక్కు దాదాపు సంతృప్తమయ్యే స్థాయికి వస్తే, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 16 కిలోల లాగుడు పుడుతుందని భౌతికశాస్త్ర సూత్రం చెబుతుంది. 5 సెంటీమీటర్ల ధ్రువం ఆచరణలో 350 కిలోల వరకు లాగగలదు. అలాంటి 20 ధ్రువాలను కప్పిన దిమ్మెకు ఇది 7 టన్నులు. అయితే కట్టర్ దిమ్మెను పక్కకు నెడుతుంది. ఆ దిశలో అడ్డుకునేది ఘర్షణ మాత్రమే, అది లాగుడులో ఐదో వంతు, కూలెంట్ తడి ఉంటే అంతకన్నా తక్కువ. అందుకే చక్ అంచున ఉక్కు స్టాపర్లు తప్పనిసరి.

పట్టులో సగం చక్‌దైతే మిగతా సగం దిమ్మెదే. గ్యాస్‌తో కోసిన ప్లేటు అడుగున తుప్పు, పొలుసు, వంకర ఉంటే ఏర్పడే సన్నని గాలి సందు కూడా బలాన్ని బాగా తగ్గిస్తుంది. వంకర ప్లేటుకు, ఎత్తుపల్లాలను బట్టి సర్దుకునే స్ప్రింగు ధ్రువాలను చక్‌పై అమర్చుతారు. దిమ్మె అడుగుదాకా సాగే రంధ్రాలు వేయవలసి వచ్చినప్పుడు కట్టర్ చక్‌ను తాకకుండా అవే దిమ్మెను ఎత్తి నిలుపుతాయి. పలుచని రేకులో బలరేఖలకు చోటు చాలక పట్టు సన్నగిల్లుతుంది.

లోహం ఎంపికలో రాయపూర్‌కు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి అవసరం. ఈ ప్రాంతంలో తయారయ్యే మెత్తని కార్బన్ ఉక్కు, 1959 నుంచి ఉత్పత్తి సాగిస్తున్న పొరుగునున్న భిలాయి కర్మాగారపు ప్లేట్లు అయస్కాంతానికి చక్కగా లొంగుతాయి. కానీ ఖనిజాన్ని, సున్నపురాయిని నలిపే క్రషర్ల దవడలకు వాడే, 11 నుంచి 14 శాతం మాంగనీసు గల హాడ్‌ఫీల్డ్ ఉక్కు పేరుకు ఉక్కే అయినా అయస్కాంతానికి అంటదు. 304 రకం స్టెయిన్‌లెస్, అల్యూమినియం, రాగి, ఇత్తడి కూడా అంతే. గట్టిపరచిన టూల్ స్టీల్‌కు పట్టు దొరికినా, విడిపించాక కొంత అయస్కాంతత్వం మిగిలి లోహపు పొట్టు అంటుకుంటుంది కనుక దానిని డీమ్యాగ్నెటైజ్ చేయాలి. అయస్కాంతానికి అంటని దిమ్మెలు కూడా వచ్చే వర్క్‌షాపులో అయస్కాంత పలక పక్కనే వైస్‌కూ చోటు ఉంచుకోవలసిందే.