మోకాలి వ్యాయామము మానినవారి మాట

మోకాళ్లు అరిగి బాధపడువారికి తొడకండరములు బలపడు వ్యాయామములు నేర్పుట ఫిజియోథెరపీలో ముఖ్యమైన చికిత్స. నేర్చినవారిలో పలువురు కొన్నాళ్లకు మానివేయుదురు. వారిని సోమరులనుట సులభము.

ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అట్లనక, ఇట్టి రోగులు 20 మందిని తీరికగా మాట్లాడించి, వారు చెప్పినది పరిశీలించి 2001లో ప్రకటించిరి. మొదట రోగులు చికిత్స చేయువారి యెడల గౌరవముతో, వారి శ్రమ వృథా కారాదని చేసిరి. తరువాత కొనసాగుట వేరు సంగతులపై ఆధారపడెను: నొప్పి యెంత, గుణము కనబడినదా, దినచర్యలో దానికి చోటున్నదా యని. వయసు మీరిన కీళ్లు అరుగక తప్పదనుకొన్నవారు విడుచుట యెక్కువ.

మగ్గము ముందు దినమంతయు కూర్చొను మనకిది దూరపు ముచ్చట కాదు. చికిత్సకు పోయినపుడు ఊరక తలయూపి రావలదు. మన పని యెట్టిదో, ఏ వేళ తీరికయో, ఏది కుదరదో విప్పి చెప్పవలెను. కండె మార్చు వేళ కూర్చున్నచోటనే చేయదగినది యేదైన ఉన్నదాయని అడుగవలెను. చేయలేకపోతిమని సిగ్గుపడి చికిత్సయే మానుకొనుటకంటె, మరల పోయి ఆ మాటయే చెప్పుట మేలు.