నీటి నడుమ ఎడారి

ఎడారి అనగానే మన విద్యార్థులకు భూగోళ పాఠంలోని థార్, సహారాలు జ్ఞాపకం వస్తాయి. కృష్ణా డెల్టా పేరు చెబితే వరిచేలు, కాలువగట్లు, అరటితోటలు కళ్ళకు కడతాయి. ఈ రెంటికీ పొత్తు ఎక్కడిదని అడిగేవారికి బందరు తీరం నుంచి హంసలదీవి మీదుగా నాగాయలంక దిగువ లంకల వరకు పరచుకొన్న కడలి అంచే సమాధానం. అక్కడ వాన కరువు లేదు. కనుచూపు మేర నీరే. కరువల్లా తాగే నీటికే. ఆ ఒక్క లోటు మనిషిని, మొక్కను, పశువును ఎడారిలో ఎలా పరీక్షిస్తుందో ఇక్కడా అలాగే పరీక్షిస్తున్నది. వీపున మూట, చేత కర్ర పట్టి, రాత్రికి డేరా వేసుకొంటూ మూడు నాలుగు దినాలు తిరగదలచిన వారికి మన సీమలో ఇంతకన్న మంచి పాఠశాల అరుదు.

డేరాలతో దేశం చూడడం మనకు కొత్త విద్య కాదు. చెన్నపట్నంలో సుప్రీంకోర్టు ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగవేస్తే, మజిలీ మజిలీకి నీటి వసతి ఎట్లున్నది, అంగళ్ళు ఉన్నవా, దారి ఎటువంటిది అన్న విచారణ కనిపిస్తుంది. నీళ్ళెక్కడ అన్నదే బాటసారి మొదటి ప్రశ్న అని ఆ పెద్దమనిషికి తెలుసు. దివిసీమ అంచుకు పోయేవారు ఆ ప్రశ్నను మూటలో అన్నిటికన్న పైన పెట్టుకోవాలి.

గుడివాడ జంక్షను దాటిన రైలు మాగాణి మధ్యగా బందరు చేరి, అక్కడితో ఆగిపోతుంది. ఆ పైన పట్టాలు లేవు. పట్నం దాటి తూర్పుగా నడిచినకొద్దీ వరి పలచబడుతుంది. తాటిచెట్లు ఎడమవుతాయి. తరువాత చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఆపైన చవుడు నేల. ఎండకాలపు మధ్యాహ్నం ఆ బయలు తెల్లగా ఉప్పు పూసి మెరుస్తుంది. దూరాన నీటి మడుగు కనిపిస్తుంది, దగ్గరకు పోతే ఉండదు. ఎండమావిని చూడడానికి రాజస్థానం దాకా పోనక్కరలేదు.

ఈ నేల గొడ్డుబోయినట్టు తోచినా, వంగి చూసేవారికి సంపన్నమే. చవుటిలో ఎర్రబారి పాకే మొక్క ఇలకూర, తీరవాసులు దానిని వండుకొంటారు. ఇసుకదిబ్బల మీద బాలబందతీగ, రావణాసురుని మీసాలు అనే ముండ్లగడ్డి వేళ్ళతో ఇసుకను పట్టి నిలుపుతాయి. అవి లేకపోతే దిబ్బ గాలికి ఊరిమీదికి నడిచివచ్చేది. పాయల వెంట మడ అడవి. తెల్లమడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పు. వేరు పీల్చిన లవణాన్ని ఆ చెట్టు ఆకుల మీద చెమటవలె వెళ్ళగ్రక్కుతుంది. బురదలో ఊపిరాడదు గనుక వేళ్ళను మేకులవలె పైకి పంపి గాలి పీలుస్తుంది. ఎడారి మొక్క నీటి కోసం పడే పాట్లనే ఇది నీటిలో నిలబడి పడుతున్నది.

ఈ తీరం వెంట ఏకబిగిని నడవడం సాధ్యం కాదు. సముద్రపు పాయలు భూమిని కోసుకువచ్చిన మొగలు దారికి అడ్డం వస్తాయి. ఉదయం మోకాలి లోతున దాటిన మొగ మధ్యాహ్నానికి తల మునిగేదవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు మరీ హెచ్చు. కాబట్టి పంచాంగం చూసి బయలుదేరడం ఇక్కడ మూఢనమ్మకం కాదు, ప్రాణరక్ష. గిలకలదిండి రేవులోనైనా, నాగాయలంకలోనైనా చేపలవారిని అడిగి, వారు పొమ్మన్న వేళకే పోవాలి. ఎదురుమొండి వంటి లంకలకు పంటు మీదనో పడవ మీదనో దాటాలి.

ఇక నీటి సంగతి. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దానిని తాగితే, ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు తాగినదానికన్న ఎక్కువ నీటిని ఖర్చు చేస్తాయి. దాహం తీరదు, పెరుగుతుంది. అయినా ఆ ఇసుకదిబ్బలలోనే అలకు కొద్ది దూరంలో చెలమ తవ్వితే తియ్యని నీరు ఊరడం చూసి కొత్తవారు విస్తుపోతారు. ఇందులో మహిమ ఏమీ లేదు. వాననీరు ఇసుకలో ఇంకి, తనకన్న బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. సముద్రమట్టానికి ఒక్క అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతు మంచినీరే ఉంటుందని శాస్త్రం లెక్క కట్టింది. ఈ లెక్కకు రెండవ ముఖం భయంకరమైనది. గొట్టాలు దింపి తోడి, పై మట్టాన్ని ఒక్క అడుగు దించితే, క్రిందినుంచి ఉప్పు ఆ 40 అడుగులూ పైకి రాగలదు. చేతితో తోడుకొన్న చెలమ తరతరాలకు నీరిస్తుంది. ఆశతో తోడిన బోరు ఒక తరంలోనే చవిటిబావి అవుతుంది.

డేరా వేయడానికి పోటు గీతకు బాగా ఎగువన, దిబ్బ చాటున చోటు చూసుకోవాలి. చలికాలం చివర, జనవరి మొదలు మార్చి వరకు, సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఈ ఇసుకకు ఎక్కి గుడ్లు పెడతాయి. పిల్లలు పొదిగి బయటపడగానే వెలుగున్న దిక్కునే సముద్రమని నమ్మి పాకుతాయి. మన దీపం వాటికి దారి తప్పిస్తుంది. కనుక అక్కడ మంటలు, పెట్రోమాక్సులు, టార్చిలైట్లు వద్దు. చుక్కల వెలుగు చాలు. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యం ఈ మడ అడవులకు రక్ష. బావురుపిల్లి అనే అరుదైన నీటిపిల్లికి అది నివాసం. అటవీశాఖ అనుమతి లేనిదే అందులో బస చేయరాదు.

హంసలదీవి ఈ యాత్రకు సహజమైన గమ్యం. లోకుల పాపాలు మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ కడలిలో కలిసే ఇక్కడ మునిగి హంసగా లేచిందని స్థలకథ. మాఘ పౌర్ణమికి వేలాది జనం సాగరసంగమంలో స్నానం చేసి వేణుగోపాలస్వామిని సేవిస్తారు. మరునాటికి ఆ తీరం మళ్ళీ నిర్జనం.

ఆ నిర్జనత్వం అంతా ప్రకృతి పెట్టినది కాదు, కొంత చరిత్ర మిగిల్చినది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం సుమారు 5 మీటర్ల గోడగా లేచింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ తుపానులో మరణించినవారు సుమారు 10,000 మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలు నేలమట్టమయినవి. మడచెట్లు దట్టంగా ఉన్నచోట అల బలం తగ్గుతుంది. చెట్టు కొట్టి చెరువు తవ్విన చోట దానిని అడ్డేదేమున్నది? ఇసుకలో హాయిగా పడుకొనే బాటసారి తాను ఎవరి ఊరి మీద పడుకొన్నాడో ఒకసారి తలచుకోవడం మర్యాద.

ఈ నేలను కట్టినది కృష్ణ మోసుకువచ్చిన ఒండ్రు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట, 1957లో దాని స్థానాన ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగరం వచ్చి లక్షల ఎకరాలను పండించినవి. అందుకు మనం ఋణపడి ఉన్నాము. కాని ఒండ్రు జలాశయాల అడుగున ఆగిపోతున్నది. సముద్రానికి చేరే నీరు తగ్గినది. కట్టేవాడు రాకపోతే కూల్చేవాడిదే రాజ్యం. కొన్నిచోట్ల తీరాన్ని అలలు కోస్తున్నవి, ఉప్పు లోపలికి పాకుతున్నది. అసలు ఎడారి నిలిచి ఉండదు, కదులుతుంది. ఇదీ కదులుతున్నది.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. పెద్ద తరగతుల పిల్లలను జనవరి, ఫిబ్రవరి మాసాలలో, తుపానుల రోజులు గడిచిన తరువాత, ఊరి పెద్దలను వెంటబెట్టుకొని ఒకసారి ఈ అంచుకు తీసుకుపోండి. మనిషికి రోజుకు 4, 5 లీటర్ల నీరు, తలకు గుడ్డ, ఒక నోటుపుస్తకం చాలు. ఒక తాటిచెట్టును గురుతు పెట్టుకొని, అక్కడినుంచి పోటు గీతకు ఎన్ని అడుగులో కొలిపించండి. ఒక చెలమ నీటి రుచి వ్రాయించండి. మరుసటి ఏడు వేరే పిల్లలు అదే చెట్టు దగ్గర, అదే చెలమ దగ్గర మళ్ళీ కొలవాలి. పదేండ్ల తరువాత ఆ నోటుపుస్తకం దివిసీమకు పనికివచ్చే భూగోళ గ్రంథమవుతుంది. ఆనాటికి చెట్టు గాని చెలమ గాని లేకపోతే, ఆ సంగతి కూడా అందులోనే నమోదవుతుంది.