యాంటెన్నా పట్టిన విమానం

హనుమాన్ జంక్షన్‌లో డాబాల మీద దూరదర్శన్ యాంటెన్నాలు నిలబడిన రోజులు నాకు బాగా గుర్తు. ఇనుప గొట్టానికి బిగించిన అల్యూమినియం పుల్లల చట్రం అది. ఒకరు పైన గొట్టం తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు ‘వచ్చింది, వచ్చింది... పోయింది’ అని కేకేసేవాళ్లు. కుదురుగా ఉన్న బొమ్మ ఒక్కోసారి ఉన్నట్టుండి వణికేది. మనుషుల పక్కనే నీడల్లా ఇంకో జత మనుషులు కనబడేవాళ్లు. కాసేపటికి మామిడి తోటల మీదుగా గన్నవరం వైపు దిగే విమానం చప్పుడు వినిపించేది.

మా చెవికంటే ముందే టీవీ ఆ విమానాన్ని పట్టేసిందన్నమాట. టవర్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, విమానానికి తగిలి రవ్వంత ఆలస్యంగా వచ్చే తరంగం ఇంకొకటి. రెండూ యాంటెన్నాలో కలిసి బొమ్మను కదిపేవి.

బ్రిటన్‌లో రాడార్ పుట్టింది కూడా ఇలాగే. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర, పొలంలో ఆపిన వ్యానులో రిసీవర్ పెట్టుకుని, శాస్త్రవేత్త రాబర్ట్ వాట్సన్ వాట్ బృందం ఒక హేఫోర్డ్ బాంబర్‌ను పసిగట్టింది. వాళ్లు సొంతంగా తరంగాలేవీ పంపలేదు, బీబీసీ ప్రసారాన్నే వాడుకున్నారు. దాని తరంగదైర్ఘ్యం 49 మీటర్లు. విమానం రెక్కల పొడవు ఇంచుమించు అందులో సగం. లోహపు వస్తువు కొలత తరంగదైర్ఘ్యంలో సగానికి దగ్గరపడితే అది మీటిన తీగలా స్పందిస్తుంది. దీన్నే అనునాదం అంటారు.

రాడార్‌కు చిక్కకుండా తయారుచేసిన కోట్ల డాలర్ల స్టెల్త్ విమానాలకు చిక్కు వచ్చిపడేది ఇక్కడే. వాటి కోణాలు, పూతలు ముఖ్యంగా సెంటీమీటర్ల తరంగాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. క్షిపణికి గురి చూపే రాడార్లు వాడేది అవే. వెనక్కొచ్చే ప్రతిధ్వని పదివేల వంతుకు తగ్గితే, రాడార్ చూపు పదో వంతుకు పడిపోతుంది. 200 కిలోమీటర్ల దూరాన కనబడాల్సింది 20 కిలోమీటర్లకు వస్తే గాని కనబడదు. కానీ రెండు, మూడు మీటర్ల తరంగం ముందు విమానం తోక, రెక్క అంచులు అనునాదానికి దగ్గరి కొలతల్లోనే ఉంటాయి. అక్కడ కోణాల నేర్పు చాలావరకు పనిచేయదు.

1999 మార్చి 27 రాత్రి సెర్బియాలోని బుజనోవ్‌సి దగ్గర అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117 కూలడానికి ఇదీ ఒక కారణం. దాన్ని కూల్చిన జోల్తాన్ డాని దళం చేతిలో ఉన్నది 1960ల నాటి నేవా క్షిపణి, రెండు మీటర్ల తరంగంతో పనిచేసే పాత పి-18 రాడార్. ఆ రాడార్ తలమీద ఉండేవి 16 యాగి యాంటెన్నాలు. మన డాబాల మీద ఉండే చట్రం పేరు కూడా యాగీయే. తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకిలో వాతావరణాన్ని చూసే రాడార్‌కు అలాంటివి 1,024 ఉన్నాయి.

పొడుగు తరంగానికి లోపమూ ఉంది. విమానం ఫలానా దిక్కున ఉందని చెబుతుందే గాని, క్షిపణిని నడిపేంత కచ్చితంగా చోటు చూపదు. చివరి క్షణంలో గురి రాడార్ వేయక తప్పదు. వేస్తే ఆ తరంగాన్నే పట్టుకుని శత్రు క్షిపణి వచ్చి పడుతుంది. అందుకే డాని మనుషులు గురి రాడార్‌ను ఒక్కసారికి 20 సెకన్లకు మించి వేసి ఉంచలేదు. పని కాగానే సామాను సర్దుకుని ఇంకో చోటికి కదిలేవాళ్లు. ఆ విమానాన్ని కూల్చింది క్షిపణి కంటే ఆ కట్టుబాటే అని నా నమ్మకం. అందులో ఏ ఒక్కరు అశ్రద్ధ చేసినా దళమంతా బూడిదయ్యేది.

ఆ నేవాకే మన వాయుసేనలో పెచోరా అని పేరు. 2025 మే నెలలో పాకిస్తాన్ డ్రోన్లు, క్షిపణులు వచ్చినప్పుడు, హైదరాబాదులో రూపుదిద్దుకున్న ఆకాశ్‌తో పాటు ఈ పాత పెచోరాలు, విమాన విధ్వంసక తుపాకులు కూడా పనిచేశాయని ప్రభుత్వం ప్రకటించింది.

డావెంట్రీ పద్ధతి ఇప్పుడు మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఊళ్లో మోగే ఎఫ్ఎం, టీవీ ప్రసారాలనే వెలుగుగా వాడుకుంటూ, తాను ఒక్క తరంగమూ పంపకుండా వినే రాడార్లు వచ్చాయి. పంపేదేమీ లేదు కాబట్టి తరంగాన్ని వెతుక్కుంటూ వచ్చే క్షిపణికి ఆనవాలు దొరకదు. ఎఫ్ఎం తరంగం పొడవు దాదాపు మూడు మీటర్లు.

జంక్షన్‌లో ఇప్పుడు డాబాలన్నిటి మీదా డిష్‌లే. విమానం వెళ్లినా బొమ్మ వణకదు. విజయవాడ ఎఫ్ఎం తరంగాలు మాత్రం గన్నవరంలో దిగే ప్రతి విమానానికీ తగిలి, ఈ తోటల మీద చెదిరి పడుతూనే ఉన్నాయి.