బుజ్జి చేతులకే బువ్వ

అన్నప్రాశన నాడు పుస్తకం, పెన్ను, బంగారం ముందు పెట్టి పాపాయి ఏది పట్టుకుంటుందోనని ఆశగా చూస్తాం. మర్నాటి నుంచి బువ్వ దగ్గర మాత్రం ఆ చేతులనే గట్టిగా పట్టేస్తాం!

మా పాపకు ఆరు నెలలు నిండి, నిలకడగా కూర్చోవడం వచ్చాక మెత్తగా ఉడికిన గుమ్మడికాయ, ఆలుగడ్డ వేలంత ముక్కలు కోసి ముందు పెట్టాను. "గొంతుల ఇరుక్కుంటది బిడ్డా!" అని అత్తమ్మ భయం. అది కొట్టిపారేసే భయం కాదు. ముక్క రెండు వేళ్ల మధ్య ఇట్టే నలగాలి. పల్లీలు, పుట్నాలు, పచ్చి క్యారెట్, గుండ్రటి ద్రాక్ష వద్దేవద్దు. తింటున్నంతసేపూ పెద్దవాళ్లు పక్కనుండాలి. న్యూజిలాండ్‌లో ఇలాంటి జాగ్రత్తలు నేర్చుకున్న తల్లుల పిల్లలకు, చెంచాతో తిన్న పిల్లలకన్నా గొంతులో అడ్డుపడడం ఎక్కువేమీ లేదని 2016లో వెలువడిన పరిశోధన చెప్పింది.

అలాగని చెంచా మానక్కర్లేదు. గుమ్మడి ముక్కల్లో ఇనుము చాలదు. మెత్తటి పప్పన్నం, మెదిపిన గుడ్డు, ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టండి. తల్లిపాలు రెండేళ్ల దాకా ఇవ్వండి.

మా ముస్తాబాద్ చుట్టుపక్కల బీడీలు చేసే ఇళ్లు చాలా. తన చేత్తో తినే పాపకు అక్కడే అసలు ముప్పు. తంబాకు చాట దూరం పెట్టి, మీ చేతులు, పాప చేతులు సబ్బుతో కడిగాకే గిన్నె ముందుంచండి. సగం కిందపడిందని కసరకండి. మూతి తిప్పుకుందా, కడుపు నిండిందన్నమాటే. ఇంకో బుక్క కుక్కకండి!