ఊదినా పాటే, పీల్చినా పాటే

తిరునాళ్ళకు వెళ్తే పిల్లలు ఏమడుగుతారు? బూర అడుగుతారు. బుడగలు అడుగుతారు. కొంచెం పెద్ద పిల్లలైతే మౌత్ ఆర్గాన్ అడుగుతారు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న వాయిద్యం అది. పెదవుల మధ్య పెట్టుకుని, అటూ ఇటూ జరుపుతూ ఊదుతారు. రెండు రోజులు ఇల్లంతా మోత మోగించి, మూడో రోజు ఏ మూలో పారేస్తారు. అందుకే పెద్దవాళ్ళు దాన్ని ఆటబొమ్మ అనుకుంటారు.

కాని అది బొమ్మ కాదు. 'షోలే' సినిమా చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఆ సినిమా 1975లో వచ్చింది. అందులో ఠాకూర్ కోడలికి భర్త చనిపోయాడు. తెల్లచీర కట్టుకుని, రాత్రిపూట దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ వస్తుంది. బయట కూర్చున్న జై ఆమెనే చూస్తూ మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. అయినా అతని మనసులో ఏముందో మనకు తెలిసిపోతుంది. జై వేషం వేసింది అమితాబ్ బచ్చన్. నిజంగా వాయించింది మాత్రం భాను గుప్తా. ఆ సినిమాకు సంగీతం ఆర్.డి. బర్మన్ చేశాడు. ఆయనకు కూడా ఈ వాయిద్యం బాగా వచ్చు. 1964లో 'దోస్తీ' అనే సినిమా వచ్చింది. అందులో కాలు దెబ్బతిన్న పిల్లవాడు మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే, చూపు లేని పిల్లవాడు పాడతాడు. దానికి సంగీతం వేరేవాళ్ళది. మౌత్ ఆర్గాన్ వాయించింది మాత్రం బర్మనే.

ఇంతకీ దాని లోపల ఏముంటుంది?

భజనల్లో, నాటకాల్లో హార్మోనియం చూసే ఉంటారు. ఒక చేత్తో తిత్తి ఊపుతారు. ఆ గాలికి లోపలి రేకులు అదురుతాయి. శబ్దం వస్తుంది. మౌత్ ఆర్గాన్ లో కూడా అలాంటి ఇత్తడి రేకులే ఉంటాయి. తిత్తి మాత్రం మన ఊపిరితిత్తులే! మామూలు మౌత్ ఆర్గాన్ కు పది రంధ్రాలు. ఒక్కో రంధ్రానికి రెండు రేకులు. ఊదితే ఒక రేకు పలుకుతుంది. పీలిస్తే రెండోది పలుకుతుంది. పిల్లనగ్రోవి వాయించేవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగాలి. ఇక్కడ ఊపిరి తీసుకోవడం కూడా పాటే.

జర్మనీ దేశంలో ట్రోసింగెన్ అనే ఊరుంది. అక్కడ మథియాస్ హోనర్ అనే ఆయన గడియారాలు చేసేవాడు. 1857లో మౌత్ ఆర్గాన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి ఏడాది చేసినవి 650. తర్వాత అవి ఓడలెక్కి అమెరికా చేరాయి.

అమెరికాలో నల్లజాతివాళ్ళు 1865 దాకా బానిసలు. బానిసత్వం పోయినా పేదరికం పోలేదు. పెద్ద పెద్ద వాయిద్యాలు కొనే స్తోమత వాళ్ళకెక్కడిది? మౌత్ ఆర్గాన్ చవక. జేబులో పడుతుంది. పొలంలో పని చేస్తూ పాడుకున్న పాటల నుంచి, కష్టం చెప్పుకునే పాటల నుంచి వాళ్ళ సంగీతం పుట్టింది. దాన్ని బ్లూస్ అంటారు. ఆ పాటలకు మౌత్ ఆర్గాన్ బాగా కుదిరింది. వాళ్ళు ఊదడం కన్నా పీల్చడం మీదే ఎక్కువ వాయించారు. పీల్చేటప్పుడు నాలుకను వెనక్కి లాగి స్వరాన్ని కిందికి వంచారు. అలా వంచితే అచ్చం మనిషి ఏడ్చినట్టే ఉంటుంది. ఈ సంగతి తయారు చేసిన జర్మనీవాళ్ళు కూడా ఊహించి ఉండరు.

అలాంటి వాళ్ళలో డిఫోర్డ్ బెయిలీ ఒకడు. 1899లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టాడు. తాత బానిసగా బతికినవాడు. పసితనంలోనే తల్లి చనిపోతే మేనత్త పెంచింది. మూడేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఏడాది పాటు మంచం దిగలేదు. పడుకునే మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. బయట కుక్క మొరిగితే అది వాయించేవాడు. కోడి కూస్తే అది వాయించేవాడు. రైలు పోతుంటే రైలు వాయించేవాడు. జబ్బు తగ్గింది గాని మనిషి ఎదగలేదు. ఐదడుగులు కూడా లేడు.

పెద్దయ్యాక నాష్‌విల్ నగరం చేరాడు. అక్కడ రేడియోలో శనివారం రాత్రి పాటల కార్యక్రమం వచ్చేది. అందులో అతను రైలు పాట వాయిస్తే, వినేవాళ్ళకు రైలు ఇంటి ముందు నుంచే పోతున్నట్టుండేది. 1927లో ఆ కార్యక్రమానికి 'గ్రాండ్ ఓలే ఆప్రీ' అని పేరు పెట్టిన రాత్రి మొదట వాయించింది కూడా అతనే. ఆ తర్వాత ఊరూరా తిరిగి వాయించాడు. జనం విరగబడి వచ్చారు. కాని తోటి తెల్లవాళ్ళు దిగిన హోటల్లో అతనికి గది ఇవ్వరు. వాళ్ళు తిన్నచోట అతనికి అన్నం పెట్టరు. రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది.

1941లో అతన్ని ఆ కార్యక్రమం నుంచి తీసేశారు. పాటల హక్కుల గురించి రేడియోవాళ్ళకూ హక్కుల సంఘానికీ తగవు వచ్చింది. అతని పేరు పొందిన పాటలు రేడియోలో వాయించకూడదన్నారు. కొత్తవి నేర్చుకోలేదని తప్పు అతని మీదే వేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు డిఫోర్డ్ బూట్లు పాలిష్ చేసే దుకాణం నడిపి బతికాడు. 1982లో చనిపోయాడు. గొప్ప కళాకారుల పేర్లు ఉంచే మందిరంలో అతని పేరు 2005లో చేర్చారు.

తర్వాతి రోజుల్లో లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్ను మైకుతో కలిపి గుప్పిట్లో పట్టుకుని వాయించాడు. చిన్న వాయిద్యానికి పెద్ద గొంతు వచ్చింది. స్టీవీ వండర్ నెలలు నిండకముందే పుట్టి, చూపు పోగొట్టుకున్నాడు. పదమూడేళ్ళకే, 1963లో, అతని పాట అమెరికా అంతటా మొదటి స్థానంలో నిలిచింది. అందులో మౌత్ ఆర్గాన్ అతనిదే.

వాయించినవాళ్ళంతా మగవాళ్ళేనా? కాదు. విల్లీ మే థార్న్‌టన్ అనే ఆమె ఉంది. మనిషి నిండైన విగ్రహం. అందుకే ఆమెను అందరూ 'బిగ్ మామా' అన్నారు. 1926లో పుట్టింది. తల్లి పోవడంతో బడి మానేసి సారా దుకాణంలో ఊడ్చి కడిగే పనికి చేరింది. చిన్న వయసులోనే పాటల బృందంతో ఇల్లు దాటింది. మౌత్ ఆర్గాన్ ఎవరూ నేర్పలేదు. ఇతరులు వాయిస్తుంటే చూసి నేర్చుకుంది.

1953లో ఆమె పాడిన 'హౌండ్ డాగ్' రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. ఆమెకు ముట్టింది ఐదు వందల డాలర్ల చెక్కు ఒక్కటే. ఆ సంగతి ఆమే చెప్పుకుంది. మూడేళ్ళకు అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్ల కుర్రవాడు పాడి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. 'బాల్ అండ్ చైన్' అనే పాట ఆమే కట్టింది. దాన్ని జానిస్ జాప్లిన్ పాడి పెద్ద గాయని అయింది. పాట బిగ్ మామాది. హక్కు కాగితం మాత్రం రికార్డు కంపెనీ దగ్గర ఉండిపోయింది.

బిగ్ మామా 1984లో లాస్ ఏంజిలిస్ నగరంలో, ఒక అద్దె గదిలో చనిపోయింది. రాక్ అండ్ రోల్ సంగీతంలో గొప్పవాళ్ళ పేర్ల పక్కన ఆమె పేరు చేర్చింది 2024లో.