రాని వాళ్ళ లెక్క

మా అమ్మమ్మకు ఆదివారం కంటే సోమవారం పెద్ద రోజు. ఆదివారం గుడిలో స్త్రీల వైపు, గోడకు ఆనుకుని చాప మీద కూర్చునేది. నోరు పాట పాడుతుంటే కళ్ళు చాపలన్నీ వెతికేవి. ఫలానా ఇంటివాళ్ళు రాలేదు, ఫలానా కోడలు పోయిన వారం కూడా కనిపించలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటి పని తెముల్చుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఆ ఇళ్ళకు బయల్దేరేది.

ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలైంది. సంఘంలో ఆమెకు ఏ పదవీ లేదు. పెద్దల కమిటీలో పేరు లేదు, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కాలేదు, వేదికెక్కి సాక్ష్యం చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అయినా సంఘమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ సోమవారపు నడకే.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల చరిత్ర చెప్పేవాళ్ళు పెద్ద అంకె దగ్గర మొదలుపెడతారు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడ్డారు. అమ్మమ్మ వాళ్ళ నాయనమ్మ ఆ రోజు ఏట్లో దిగిన పిల్లల్లో ఒకతె అని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ అంకె వింటే మాకు ఒళ్ళు పులకరించేది. అమ్మమ్మ మాత్రం, "అంతమందిని ముంచారు, బానే ఉంది. మర్నాడు వాళ్ళ ఇళ్ళకి ఎవురు పొయ్యారో అది చెప్పండి" అనేది.

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఒక మూల ఉంది. అంతకు చాలా ముందే, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఒంగోలు కొండెక్కి అయిదుగురు ప్రార్థన చేశారు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. దొరలూ బోధకులూ వీధిలో నిలబడి చెబితే, గడప దాటి లోపలికి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చోగలిగింది జూలియా, రూతు లాంటి తెలుగు ఆడవాళ్ళు. తర్వాతి కాలంలో వాళ్ళను బైబిలు స్త్రీలన్నారు. మా అమ్మమ్మకు ఆ పేరూ లేదు, ఆ జీతమూ లేదు. మిషన్ బడిలో మూడో తరగతి, ఆ తర్వాత పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు అల్లే పని, ఇంతే ఆమె బతుకు. కానీ చేసిన పని మాత్రం వాళ్ళదే.

ఎలా వెళ్ళేదో చెప్పాలి, ఎందుకంటే ఆమె నేర్పంతా అక్కడే ఉంది. గుడికి రాలేదేమని ఎన్నడూ అడిగేది కాదు. "గోంగూర ఉందంటనే మీ పెరట్లో, రెండు కట్టలియ్యి" అంటూ లోపలికి వెళ్ళేది. కాసిని మంచినీళ్ళు అడిగి తాగేది. నీళ్ళు తెచ్చిన మనిషి నడక చూసేది. పొయ్యి రాజుకుందా లేదా చూసేది. పిల్లలు బడి వేళకు ఇంట్లో ఉంటే అదొక లెక్క, ఇంటి మగవాడు పట్టపగలు ముసుగు తన్ని పడుకుంటే అదొక లెక్క. ఏదీ పైకి అనేది కాదు. మధ్యాహ్నానికి మా ఇంట్లోంచి ఏదో ఒకటి ఆ ఇంటికి వెళ్ళేది. ఒకసారి బియ్యం, ఒకసారి జ్వరం బిళ్ళలు, ఒకసారి బాలింతకు తోడుగా మా పిన్ని.

తాగుడు పట్టి, సిగ్గుతో గుడి మానేసినాయన ఒకడుండేవాడు. పేరు చెప్పను. అమ్మమ్మ ఆ ఇంటి అరుగు మీదికి వెళ్ళి, ఆయన భార్యతో కలిసి చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. ఆయన ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు. వారాల తరబడి అలాగే వెళ్ళింది. ఒక రోజు లోపలి నుంచే, "నాకోసం ప్రార్థన చెయ్యవా పెద్దమ్మా?" అన్నాడట. "రోజూ చేస్తానే ఉన్నాన్రా. ఇంత అన్నం తిను ముందు" అంది. ఆయన తాగుడు మానాడా అంటే పూర్తిగా మానలేదు. గుడికి మాత్రం వచ్చాడు, వెనక గుమ్మం దగ్గర కూర్చునేవాడు. ఆమె దృష్టిలో వచ్చినవాడు వచ్చినట్టే.

ఈ పలకరింపు విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. గుండ్లకమ్మలో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మా పల్లె కూడా మాదిగలదే. తరాలుగా మా వాళ్ళ కోసం ఊళ్ళోంచి మనిషి వచ్చాడంటే, పనికి రాలేదని పిలవడానికే. నువ్వు కనిపించలేదు, నీకేమైంది అని నీ కోసమే వెతుక్కుంటూ వచ్చిన మనిషి లేదు. ఆ లోటు ఎంత పెద్దదో అమ్మమ్మకు తెలుసు. అందుకే ఆమె పలకరింపు కోసం జనం ఎదురుచూసేవారు.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. పూట పూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్ళడం మా సంఘాల్లో పాత అలవాటు. అమ్మమ్మ పిడికిలి పెద్దది. ఆ బియ్యం వేలం పాటకు పెట్టేముందు ఇంట్లో గింజల్లేని వాళ్ళకు కొంత తీసి పక్కన పెట్టాల్సిందేనని పెద్దలతో తగువు పడేది. ఆ ఒక్క విషయంలో ఆమె నోటికి అందరూ జడిసేవారు. కోత పండుగకు మాత్రం మనిషి మారిపోయేది. తను తెచ్చిన గుమ్మడికాయను తనే వేలంలో పాడి, ధర పెంచి, కొన్నదాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఆమె వాటిని చదివేది కాదు. ఏ పాట ఎవరి గొంతులో విన్నదో ఆ గొంతే ఆమెకు రాగం. పురుషోత్తమ చౌదరి పాటలు ఆరేడు చరణాలైనా చూడకుండా పాడేది. చివరి రోజుల్లో మనుషుల పేర్లు తప్పిపోయాయి కానీ చరణాలు తప్పలేదు.

ఆమెను పెట్టెలో ఉంచిన రాత్రి ఇంటి ముందు టెంటు చాలలేదు. తెల్లవార్లూ పాడారు. ఎన్నడూ గుడి మెట్టెక్కని రెడ్డిగారింటి ముసలమ్మ ఒకామె వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. తన కొడుకు పోయినప్పుడు అమ్మమ్మ నెల రోజులు వాళ్ళ వసారాలోకి వచ్చి, మాట లేకుండా కూర్చుని వెళ్ళేదట. ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు మా గుడిలో కుర్చీలు వచ్చాయి, మైకులు వచ్చాయి, ఆరాధన ఫోన్లో కూడా చూడొచ్చు. హైదరాబాదులో ఉన్న నాలాంటి వాళ్ళకు అది మేలే. కానీ ఫోన్లో చూసేవాడు ఆ వారం చూడలేదని ఎవరికి తెలుస్తుంది? అమ్మమ్మ ఆదరణ కూడికలో అయ్యగారు వాక్యం ముగించాక స్త్రీలు ఇదే మాట ఎత్తారు. పల్లెను వీధులుగా పంచుకున్నారు. కాలవ కట్ట మీది ఇళ్ళ దగ్గర వాదన వచ్చింది. అవి దూరం, దారి బురద. చివరికి మా పిన్ని ఒప్పుకుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అందుకని మా తమ్ముడు బండి మీద కట్ట దాకా దింపుతున్నాడు.