బోరుమోటారు రోటరులోని అతుకు

అనంతపురపు మెట్టసీమలో సంవత్సరమునకు కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే గాన, వేరుసెనగ ఊడలు దిగు వేళ పది దినములు బోరు నిలిచినచో పంట చేజారును. మోటారు చెడగనే కాయిలు కట్టించుట మనవారి వాడుక. కాయిలు బాగుగనే యుండి రోటరులోని యతుకు చీలిన సందర్భములు గలవు. అప్పుడు ఆ వ్యయ మంతయు వృథా. కావున ఆ యతుకు స్వభావమును సభ్యులకు విశదపఱచుచున్నాము.

సబ్మెర్సిబుల్ మోటార్లు పెక్కింటిలో రోటరు నందలి రాగి కడ్డీల కొనలను రాగి వలయములకు బ్రేజింగుచే నతికింతురు. రాగి 1085 డిగ్రీల వద్ద గాని కరుగదు. అతుకులోహము అంతకు ముందే కరిగి, వత్తి నూనెను పీల్చినట్లు సందులోనికి ప్రాకును. ఇందుకు 80 పాళ్లు రాగి, 15 పాళ్లు వెండి, 5 పాళ్లు భాస్వరము గల మిశ్రలోహము ప్రసిద్ధము. అది 645 డిగ్రీల వద్ద కరుగ నారంభించి 800 చేరువను పూర్తిగ ద్రవమగును. భాస్వరమే రాగిని శుభ్రపఱచును గాన రాగికి రాగి నతుకునపుడు వెలిగారముతో పని లేదు. ఇనుమునకు మాత్రము ఈ లోహము తగదు. అచట పెళుసు పొర యేర్పడును.

సందు కాగితపు మందమునకు మించరాదు. పలుచని పొరను ఇరువైపుల రాగి పట్టియుంచుటచే అది సాగి సన్నబడజాలదు. విడిగ నున్నప్పటికంటె సందులోనే ఎక్కువ లాగుడు నోర్చును. మందముగ పోసిన బలమను పనివాని మాట నమ్మరాదు.

అయినను ఒక లాగుడుకు నిలిచినది వేయి లాగుళ్లకు నిలుచునను నిశ్చయము లేదు. మోటారు లేచిన ప్రతిసారి కడ్డీలు వేడెక్కును. 100 డిగ్రీల వేడికి మీటరు రాగి 1.7 మిల్లీమీటర్లు పెరుగగా, ఇనుము 1.2 మాత్రమే పెరుగును. ఆ భేదము కొనలనున్న యతుకుపై బడును. తీగను ఇటునటు వంచి త్రుంచు రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. 1950 దశకపు తొలినాళ్లలో కాఫిన్, మాన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి లెక్క కట్టిరి: ప్రతి వంపునను లోహమున నిలిచిపోవు సాగుడు రెట్టింపైనచో, ఆయువు ఇంచుమించు నాల్గవ వంతునకు దిగును. ఇంజనీర్లు అతుకులకును ఇట్టి లెక్కనే వేయుదురు. లోపల గాలిబుడగ యున్నచో దాని యంచున సాగుడు మిక్కుటమై, అతుకు లెక్కకు ముందే చీలును.

విద్యుత్తు వచ్చుచు పోవుచుండు దినములలో ఆటోస్టార్టరు మోటారును పలుమార్లు లేపును. ప్రతి లేపుడును ఒక వంపే. సరఫరా కుదురుకొనువఱకు దానిని కట్టివేయుట మేలు. నీరు సన్నగిల్లిన బోరును మాటిమాటికి వేసి ఆపుటయు నిట్టిదే.

వోల్టేజి సరిగ నుండియు ఆమీటరు ముల్లు ఇటునటు ఊగుచు, మోటారు ఆలస్యముగ వేగ మందుకొని, నీరు తగ్గినచో రోటరును శంకింపవలయును. కాయిలు కట్టకముందే రోటరును గ్రోలరుపై పరీక్షింపు మనుడు. చీలిక కనబడినచో పైపూతతో సరిపెట్టనీయక, పాత లోహమును తీయించి, వలయ మంతటిని సమముగ వేడిచేయించి, మరల నతికింప జేయుడు. అల్యూమినియము పోత రోటరునకు ఈ మరమ్మతు చెల్లదు, దానిని మార్పింపవలసినదే.